నలభై మూడో పేజీ

అమీర్‌పేట,
12-2-2001

మా జానకక్కయ్యకి,

నీ మోకాళ్ల సంగతి తర్వాత అడుగుతాను, ముందు నా గోల విను. ఫోన్లో చెబితే ఏడ్చేస్తానని కాగితం పట్టుకున్నాను.

మన ఇంట్లో దొంగతనం జరిగింది. బంగారం కాదు, అమ్మమ్మ పుస్తకం. అదే, ఆడవాళ్లకి ఓటు కావాలని మన ఊళ్లో అమ్మమ్మ వాళ్లు పెట్టుకున్న సమాజం మినిట్స్ పుస్తకం. నలభై రెండో పేజీ తర్వాత నలభై అయిదు ఉంది. మధ్యలో కాగితం ఎవరో బ్లేడుతో కోసేశారు. చింపలేదు, శుభ్రంగా గీత గీసినట్టు కోశారు. ఎర్రమంజిల్ ఆఫీసులో ముప్పై ఏళ్లు రికార్డు సెక్షన్లో చేసినదాన్ని. ఏది ఎలకలు కొట్టిందో, ఏది మనుషులు కొట్టేశారో నాకు తెలియదూ?

యశస్విని అని ఒక అమ్మాయి వస్తోందని రాశాను కదా. వరంగల్ వైపు పిల్ల, యూసుఫ్‌గూడ హాస్టల్లో ఉండి పరిశోధన చేస్తోంది. అమ్మమ్మ మీద పుస్తకం రాస్తానంది. పంజాగుట్టలో ఎవరో అచ్చు వేస్తామన్నారట. నెల్లాళ్లుగా మన హాల్లో కూర్చుని రాసుకుంటోంది. ఆ అమ్మాయి సంచీ చూస్తే నాకు మొదటి రోజే అనుమానం. ఒక నోటు పుస్తకానికీ పెన్నుకీ అంత సంచీ ఎందుకు? పైగా నేను కాఫీ పెట్టడానికి లేస్తే పేజీలు తిప్పడం ఆపేస్తుంది. ఏమిటమ్మా అంటే, "మీరొచ్చినంక చూస్తా మేడం" అంటుంది. అంత మంచితనం ఎవరైనా ఊరికే చూపిస్తారా?

పోయిన పేజీ మామూలుది కాదక్కయ్యా. నలభై రెండో పేజీ చివర ఉన్నదాన్ని బట్టి, అది 1921లో ఆడవాళ్లకి ఓటు వచ్చాక జరిగిన మొదటి సమావేశం. ఆ తర్వాత సమాజం ఎందుకో చప్పబడిపోయింది. అందులో అమ్మమ్మ ఏదో గొప్ప మాట అనే ఉంటుంది. ఈ పిల్ల దాన్ని దాచి, రేపు ఇంకెవరి పేరో పైకి తెస్తుందని నా భయం.

నిన్న ఊరుకోలేక మన వీధి జిరాక్సు షాపులోనే అడిగేశాను. జావా నోట్సుల కోసం నిలబడ్డ కోచింగు పిల్లలందరూ చూస్తున్నారు. సంచీ తెరవమన్నాను. తెరిచింది. ఏమీ లేదు. "మేడం, గా పేజి లేదని మీకు చెప్పిందే నేను గదా. తీసినోళ్లు చెప్తరా? జర ఆలోచించున్రి" అంది, కళ్లనిండా నీళ్లు పెట్టుకుని. అదే మరి, తీసినవాళ్లే ముందు చెబుతారు, తమ మీదికి రాకుండా. ఇలాంటివాళ్లని ఆఫీసులో ఎంతమందిని చూశాను!

వాళ్ల ప్రొఫెసరుకి ఇవ్వడానికి కంప్లయింటు రాసి పెట్టుకున్నాను. ఇస్తే ఆ పిల్ల చదువు అక్కడితో ఆగిపోతుందని తెలుసు. అందుకే నీ మాట కోసం చూస్తున్నాను. నువ్వు ఊఁ అంటే ఇచ్చేస్తాను.

నీ చెల్లెలు,
అరుణ

*

కాకినాడ,
15-2-2001

అరుణా,

ఆ కంప్లయింటు ముందు చింపెయ్యి. చింపాకే మిగతాది చదువు.

ఆ కాగితం కోసింది నేనేనే. మీ ఆయన పోయినప్పుడు నీ దగ్గర రెండు నెలలు ఉన్నాను కదా. అప్పుడే ఆ పుస్తకం ట్రంకుపెట్టెలోంచి తీశావు. అన్నం సయించకపోయినా అది ఒళ్లో పెట్టుకుని, రోజుకో పేజీ చదువుతూ, "చూడవే అక్కయ్యా, అమ్మమ్మకి ఎంత గుండె ధైర్యమో" అనేదానివి. నీ మొహంలో కాస్త కళ కనిపించేది అప్పుడే. నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు, ముందు ఏముందో అని తిరగేశాను. నలభై మూడో పేజీ చదివాక, ఇది నీ కంట పడకూడదనుకున్నాను. మీ ఆయన గెడ్డం గీసుకునే పెట్టెలోని బ్లేడుతోనే కోశాను. దేవుడి మీద ఒట్టు, నీ కోసమే. నువ్వు అంతదూరం చదవకుండానే పుస్తకం మళ్లీ ట్రంకులో పెట్టేశావు.

కాల్చడానికి మనసొప్పలేదు. ఇదే కవర్లో పెట్టాను. చదవాలో వద్దో నీ ఇష్టం. ఆ అమ్మాయి ఉసురు మాత్రం మనకి వద్దే తల్లీ.

మీ అక్క,
జానకి

*

అమీర్‌పేట,
20-2-2001

అక్కయ్యా,

చదివాను. అమ్మమ్మ దస్తూరీయే, ఎంత ముద్దుగా ఉందో. అందులో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ దింపుతున్నాను. నువ్వు మళ్లీ ఒకసారి చదవాలి.

"స్వంత భూమి గలిగి శిస్తు కట్టు స్త్రీలకే వోటు లభించినందున, మన సభ్యురాండ్రు పన్నిద్దరిలో చెల్లాయమ్మగారొక్కరికే ఆ హక్కు కలిగినది. అయితే సభాంతమున పసుపు కుంకుమలిచ్చు ఆచారము మనకు గలదు. చెల్లాయమ్మగారు పూర్వసువాసిని యగుటచే, వారి యెదుట ఇచ్చిపుచ్చుకొనుట సభ్యురాండ్రకు శంకగా నున్నది. కావున వారిక సభకు రాకుండుటయే యుక్తమని తీర్మానించడమైనది. దుర్గాంబ, కార్యదర్శిని."

చూశావా? మొగుడు బతికున్నవాళ్లకి సెంటు భూమి లేదు, ఓటూ లేదు. మొగుడు పోయినావిడకి ఆయన పొలం వచ్చింది, ఓటూ వచ్చింది. ఏ ఓటు కోసం ఊరంతా తిరిగారో, ఆ ఓటున్న ఒకే ఒక్క మనిషిని బొట్టు లేదని గెంటేశారు. గెంటుతూ కింద సంతకం పెట్టింది మన అమ్మమ్మ.

ఆ పూటే ఆటో ఎక్కి యూసుఫ్‌గూడ వెళ్లాను. హాస్టల్ గేటు దగ్గరే యశస్విని చేతులు పట్టుకుని తప్పయిపోయిందన్నాను. ఆ పిల్ల చేతులు విడిపించుకుంది. "మా బాపుకు తెలిస్తే చదువు బంద్ జేయిస్తుండె మేడం, మీరు నన్ను దొంగన్నరని" అంది. తర్వాత ఆ కాగితం ఇచ్చాను. రెండుసార్లు చదివి ఒక్కటే అడిగింది: "మరి గామె ఓటేసిందా మేడం?" నాకేం తెలుసు? ఆవిడ ఏమైందో కూడా ఎవరూ రాసిపెట్టలేదు. ఆ పేజీ అచ్చంగా అలాగే పుస్తకంలో వెయ్యమన్నాను. అమ్మమ్మ పేరు తియ్యనూ వద్దు, పెంచనూ వద్దు.

ఇక నీకూ నాకూ మధ్య ఉన్నది. నేను బాధపడతానని కోశావు. నిజమే, నీ ప్రేమ నాకు తెలుసు. కానీ నీ కూతురు హైందవి పెళ్లిలో పసుపు దంచుతుంటే నేనూ రోకలి పట్టుకున్నాను, గుర్తుందా? అందరి ముందూ నా చేతిలోంచి తీసుకుని, "నువ్వు లోపల పాలు చూసుకో అరుణా" అన్నావు. నవ్వుతూ అన్నావు. నేనూ నవ్వుతూ వెళ్లాను. పొయ్యి దగ్గర నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. దాన్ని ఎత్తుకుని పెంచినదాన్ని, దాని పెళ్లికి నా చెయ్యి పనికిరాకుండా పోయింది. జిరాక్సు షాపులో పరాయి పిల్లని సంచీ తెరవమన్నాను గానీ, సొంత అక్కని ఆ మాట ఎందుకన్నావని అడగలేకపోయాను.

హైందవి సీమంతం శుభలేఖ నిన్న వచ్చింది. వస్తున్నాను. ముత్తయిదువులందరి కన్నా ముందు దాని చేతికి గాజులు నేనే తొడుగుతాను. నీకు ఇష్టమైతే జవాబు అక్కర్లేదు. వద్దంటావా, ఆ వద్దన్న మాట కాగితం మీద రాసి, కింద నీ సంతకం పెట్టి పంపించు.

నీ చెల్లెలు,
అరుణాదేవి