నా పేరున ఒక తూటా

2 అక్టోబర్ 2009, శుక్రవారం

పొద్దున ఉడికించిన చిక్కుడు గింజల ఫూల్ తిని మేడ మీద కూర్చుని శుక్రవారం పని పూర్తి చేశాను. పాత పేపరు పరిచి, మ్యాగజైన్ ఖాళీ చేసి, ఏడు తూటాలనీ వరసగా నిలబెట్టాను. పిస్తోలు నడుముకే ఉంటుంది కాబట్టి వేసవంతా చెమట తగిలి ఇత్తడి మీద పచ్చగా చిలుము పడుతుంది. ఈ వారం రెండింటి మీదే ఉంది. పోయేదాకా పొడిగుడ్డతో రుద్దాను. నీళ్లు వద్దు, స్పిరిట్ వద్దు, నూనె అసలే వద్దు. మందుల షాపు నడిపేవాడికి ఇది కొత్త విద్య కాదు. తేమ తగిలితే మాత్రలూ పాడవుతాయి, తూటాలూ పాడవుతాయి.

ఒకటి మాత్రం మిగతావాటి కంటే వెంట్రుకవాసి పొట్టిగా కనిపించింది. రోజూ షాపుకి బయలుదేరేముందు పై తూటాని గొట్టంలోకి ఎక్కిస్తాను, ఇంటికి రాగానే తీసేసి మళ్లీ పైనే పెడతాను. ఎన్ని నెలలుగానో అదే ఎక్కుతోంది, అదే దిగుతోంది. దెబ్బలు తిని తిని దాని తల లోపలికి కుంగిపోయింది. అలాంటిదాన్ని పేల్చితే నా చెయ్యే పోవచ్చు. పక్కన పెట్టి డబ్బాలోంచి కొత్తది తీశాను. రోజూ అదే ముందు నిలబడింది పాపం.

మా ఇంట్లో ఆ ఉద్యోగం నాది. పదకొండేళ్ల క్రితం కాలవ నీళ్ల వంతు గొడవలో మా అన్న జాబిర్, హమ్మాం అనే అతన్ని కాల్చేశాడు. జాబిర్ జైలుకి వెళ్లాడు. ఈ వేసవిలో అక్కడే చనిపోయాడు. అయినా బాకీ తీరలేదు. చంపినవాడినే చంపాలని మా వైపు రూలేమీ లేదు. చంపినవాడి ఇంట్లో అందరికన్నా పనికొచ్చేవాణ్ణి చూసుకుంటారు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కణ్ణే. చదివించినందుకు నాన్న ఆత్మకి శాంతి కలుగుగాక.

9 అక్టోబర్, శుక్రవారం

తూటాలన్నీ శుభ్రంగా ఉన్నాయి. పెద్దగా పని లేకపోవడంతో ఆలోచనలు ఎక్కువయ్యాయి.

హమ్మాం నా స్నేహితుడు. ఇది ఎక్కడా బయటికి అనలేను కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను. చెరకు తూచే యార్డుకి కాపలా ఉండేవాడు, సొంత పిస్తోలు ఉండేది. పెళ్లైన కొత్తలో అతని భార్య నఫీసా మొగుడి వస్తువులన్నీ తళతళలాడాలని అతని తూటాలకి నెయ్యి పట్టించింది. వాళ్ల బాబాయి కూతురి పెళ్లిలో హమ్మాం అందరిముందూ సంబరానికి గాల్లోకి కాల్చాలని చెయ్యెత్తి ట్రిగ్గర్ నొక్కాడు. టక్. మళ్లీ టక్. నాలుగుసార్లు. నెల రోజులు ఊరంతా వాణ్ణి టక్ హమ్మాం అని పిలిచింది. మొహం ముడుచుకుని నా షాపుకొచ్చి, మా ఆవిడ మంచిదేరా హిల్మీ, కాకపోతే దానికి ప్రేమ ఎక్కువ, ఎక్కడ రాయాలో తెలీదు అన్నాడు.

మర్నాడు నఫీసాయే వచ్చింది. ఎందుకు పేలలేదో నాకు అర్థమయ్యేట్టు చెప్పండి డాక్టర్ అంది. మందులు అమ్మేవాణ్ణి మా ఊళ్లో డాక్టర్ అనే అంటారు. తూటా అడుగున ఉండే చిన్న మూత చూపించాను. నిప్పు పుట్టేది ఇందులోనే, సందుల్లోంచి నూనె దిగితే లోపలి మందు చచ్చిపోతుంది, పైకి మాత్రం కొత్తదానిలాగే కనిపిస్తుంది అన్నాను. పొడిగుడ్డ, పొడిచోటు, అంతే. పరీక్షకి చదివే పిల్లలా విని, చెప్పిందంతా ఒకసారి తిరిగి అప్పజెప్పి వెళ్లింది.

హమ్మాం పోయిన రోజు అతని పిస్తోల్లో ఒకే తూటా మిగిలి ఉంది. అతని తండ్రి దాన్ని తీసి నఫీసా చేతిలో పెట్టి, నీ కొడుకు దియాబ్ పెద్దయ్యేదాకా దాచమ్మా అన్నాడట. ఇది ఊరందరికీ తెలుసు. అప్పుడు దియాబ్‌కి పదకొండేళ్లు. ఇప్పుడు ఇరవై రెండు.

అంటే ఆ ఇంట్లో నా పేరున ఒక తూటా ఉంది. దాన్ని ఎలా దాచాలో ఆవిడకి నేర్పింది నేనే.

18 అక్టోబర్

ఫ్రిజ్ సర్దాను. ఇన్సులిన్ రెండు సీసాలు expiry అయిపోయాయి, పారేశాను. మళ్లీ రెండు తెప్పించాను. ఈ రకం వాడేది ఊళ్లో నఫీసా ఒక్కతే. పగ ఉన్న ఇంటివాళ్లు నా షాపు గడప తొక్కకూడదు కాబట్టి దియాబ్ నాగ్ హమ్మాదీ పట్నం దాకా వెళ్లి తెస్తాడు. ఆ సంగతి తెలిసీ పదేళ్లుగా stock పెడుతున్నాను. ఎందుకని మా ఆవిడ ఇన్సాఫ్ అడిగితే కంపెనీవాడు అంటగట్టాడని చెప్పాను. నమ్మలేదు. నమ్మనప్పుడు ఆవిడ గిన్నెలు కాస్త గట్టిగా తోముతుంది.

6 నవంబర్, శుక్రవారం

ఏడూ బాగున్నాయి. చెరకు నా తలకంటే రెండు మూరలు ఎదిగింది. అందులో ఎవరు కాపు కాసినా కనబడరు. ఈ నెలలు గడిస్తే చాలు.

19 నవంబర్, గురువారం

పొద్దుగూకే మగ్రిబ్ నమాజు వేళకి షాపు మూసి కాలవ గట్టు మీద నడిచి వస్తున్నాను. చెరకులోంచి, నా వెనక, చిన్న చప్పుడు. టక్. ఎండుపుల్ల విరిగినట్టు. పిస్తోలు తీసి తిరిగాను. ఎవరూ లేరు. ఆకులు కొంచెంసేపు ఊగి ఆగిపోయాయి. నక్క అయ్యుంటుంది.

ఇంటికొచ్చాక తలుపు గడియ రెండుసార్లు చూసుకున్నాను. నక్కకి భయపడ్డావా సల్మా నాన్నా అని ఇన్సాఫ్ నవ్వింది. పెద్దగా ఏమీ నవ్వలేదు.

27 నవంబర్, శుక్రవారం, బక్రీద్

పండగ. గొర్రెని కోశాం. సల్మా అస్యూత్ నుంచి వచ్చింది. తండ్రి తూటాలు తుడిస్తే పక్కన కూర్చుని పరీక్షకి చదువుకునే పిల్ల నా కూతురు ఒక్కతేనేమో. ఫార్మసీయే చదువుతోంది. వద్దన్నాను. వినలేదు.

11 డిసెంబర్, శుక్రవారం

తూటాలు బయటికి తీశానో లేదో హాజీ సిద్దీక్ వచ్చాడు. రాజీలు కుదిర్చే పెద్దల్లో ఇప్పుడు మిగిలింది ఆయనొక్కడే. కర్ర మూలన పెట్టి, పేపరు మీద వరసని చూసి, దుకాణం కట్టెయ్యరా అబ్బాయీ, బేరం కుదిరింది అన్నాడు.

దియాబ్ తనంతట తానే ఆయన ఇంటికెళ్లి రాజీకి ఒప్పుకుంటాను అన్నాడట. పండగకి వారం ముందే వచ్చాడట. తాత వద్దని కసిరినా వినలేదట. ఏమైందిరా అని హాజీ అడిగితే, దేవుడికి ఇష్టం లేదని తెలిసింది అని ఒక్క ముక్క అన్నాడట.

జాబిర్ లేడు కాబట్టి కఫన్ మొయ్యాల్సింది నేను. నా శవానికి చుట్టే బట్ట నా చేతుల మీద పెట్టుకుని, చెప్పుల్లేకుండా, ఆయుధం లేకుండా వాళ్ల పందిట్లోకి నడవాలి. నా ప్రాణం మీదే, ఏం చేసుకుంటారో మీ ఇష్టం అనాలి. వాళ్లు కఫన్ తీసుకుంటే నా బదులు గొర్రెని కోస్తారు. తీసుకోకపోతే ఆ బట్ట పనికొస్తుంది.

సరే అన్నాను. హాజీ వెళ్లాక తూటాలన్నీ తిరిగి ఎక్కించాను.

13 డిసెంబర్

ఇన్సాఫ్ ఒప్పుకోవడం లేదు. పదకొండేళ్లు తూటా దాచిపెట్టిన ఇల్లు ఉన్నట్టుండి మెత్తబడుతుందా, నిన్ను నీ కాళ్లతోనే నడిపించుకుంటున్నారు, వాళ్లకి చెరకులో కాపు కాసే శ్రమ కూడా తప్పుతుంది అంది. నా మనసులో ఉన్నదీ అదే.

8 జనవరి 2010, శుక్రవారం

చెరకు కొట్టేస్తున్నారు. మిల్లు చిన్న రైలు పగలంతా మోస్తోంది. కాలవ గట్టు నుంచి హమ్మాం వాళ్ల ఇల్లు కనబడుతోంది. ఆకుపచ్చ తలుపు. ఇన్నేళ్లూ అది ఏ రంగో మర్చిపోయాను.

కఫన్ బట్ట వచ్చింది. ఇన్సాఫ్ కొలిచి, చివర మిగిలిన జానెడు ముక్క కత్తిరించింది. మంచి నూలు, పోగులు రాలడం లేదు. అలవాటుగా దాంతోనే తూటాలు తుడవడం మొదలెట్టాను. ఆవిడ చూసి కూలబడిపోయింది. నీకు బుద్ధుందా, నీకు అసలు బుద్ధుందా అని ఏడ్చింది. లేదని ఒప్పుకున్నాను. నాకు చావాలని లేదు. ఇంత సూటిగా ఎప్పుడూ రాసుకోలేదు.

22 జనవరి, శుక్రవారం, పొద్దున

ఇన్సాఫ్ నా నడుముకి పిస్తోలు కట్టి, పైన పొడుగు చొక్కా సర్దింది. లోపల ఏడూ ఉన్నాయి. నేను వద్దనలేదు. మాటిచ్చి మోసం చేస్తున్నానని తెలుసు. వెళ్తున్నాను.

అదే రోజు, సాయంత్రం అస్ర్ నమాజు తర్వాత

బతికే ఉన్నాను.

వంతెన దగ్గర చెప్పులు విప్పాలి. అక్కడే, ఆయుధం దాచుకుని ముందుకెళ్లడం నా వల్ల కాలేదు. పిస్తోలు తీసి, తలెత్తకుండా హాజీ సిద్దీక్ చేతికిచ్చాను. ఆయన కనీసం ఆశ్చర్యపోలేదు. సంచీలో పడేసుకుని, నువ్వు ఏడోవాడివిరా, ముందు ఆరుగురూ ఇక్కడే తీసిచ్చారు, పద, నేల చల్లగా ఉంది అన్నాడు.

పందిట్లో మూడు నాలుగు వందల మంది, చుట్టూ పోలీసులు. ఒక్క దగ్గు కూడా లేదు. దియాబ్ ఎదురుగా నిలబడ్డాడు. హమ్మాం గడ్డం, నఫీసా కళ్లు. చెప్పాల్సిన మాట చెప్పాను. అతను కఫన్ వైపు చూస్తూ ఎంతసేపు ఉన్నాడో తెలీదు. తర్వాత రెండు చేతులతో తీసుకున్నాడు. గొర్రె అరిచింది. హాజీ నా చంక కింద చెయ్యి పెట్టి పక్కకి నడిపించాడు.

దియాబ్ జేబులోంచి తూటా తీసి అందరికీ చూపించి, ఇది ఇన్నాళ్లూ మీ పేరున ఉంది డాక్టర్, మీరే ఉంచుకోండి అన్నాడు.

పగ తీరేదాకా మావాళ్లు పరామర్శ తీసుకోరు. హమ్మాంకి ఈ రోజు తీసుకున్నారు. పదకొండేళ్ల తర్వాత చక్కెర లేని కాఫీ పోశారు. లోపల ఆడవాళ్లు ఏడుపు ఎత్తుకున్నారు. నఫీసా గొంతు అన్నిటికన్నా పైన వినిపించింది. నిన్ననే పోయినట్టు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నా స్నేహితుడికి నేను ఏడ్వడం ఇదే మొదలు.

23 జనవరి, శనివారం

ఆ తూటాని పొద్దున మేడ మీదికి తెచ్చాను. ఇత్తడి ముదురు గోధుమరంగులోకి తిరిగింది. అలవాటు ప్రకారం కఫన్ ముక్కతో తుడిచాను. గుడ్డ పసుపుపచ్చగా తడిసింది. వాసన చూశాను. నల్లజీలకర్ర నూనె. అడుగున మూత చుట్టూ ఊరి, జిగురుకట్టి ఉంది. ఒక్కసారి పూస్తే ఇలా అవదు. ఏళ్ల తరబడి నూనెలో నిలబెడితే అవుతుంది.

మూత మధ్యలో చిన్న గుంట ఉంది.

అది ఏమిటో నాకు తెలుసు. పిస్తోలు సూది కొట్టిన దెబ్బ. ఈ తూటాని ఎవరో పేల్చారు, పేలలేదు. వెంటనే డైరీ తిరగేశాను. 19 నవంబర్. కాలవ గట్టు. నా వెనక టక్. నక్క కాదు.

దేవుడికి ఇష్టం లేదని తెలిసింది అన్నాడట దియాబ్.

పొడిగుడ్డ, పొడిచోటు అని నేను చెప్తే తిరిగి అప్పజెప్పిన మనిషి. మామ చేతిలో పెట్టిన తూటాని కాదనలేక తీసుకుంది. పారేస్తే ఇంకొకటి తెచ్చిస్తారు. అందుకని నూనెలో దాచింది. అందరూ చూస్తుండగా పదకొండేళ్లు దాచింది, కొడుకు హంతకుడు కాకుండా. నా కోసం అనుకునేంత పిచ్చివాణ్ణి కాను. కానీ బతికింది నేను కూడా.

ఇన్సాఫ్‌కి ఏమీ చెప్పలేదు.

25 జనవరి, సోమవారం

దియాబ్ షాపుకొచ్చాడు. counter కి అటు అతను, ఇటు నేను. ఇన్సులిన్ ఉందా అన్నాడు. ఉందన్నాను. ఫ్రిజ్‌లోంచి సీసా తీసి expiry రెండుసార్లు check చేసి ఇచ్చాను. చలవలోనే పెట్టాలని, గడ్డకట్టనివ్వకూడదని అమ్మకి చెప్పు అన్నాను.

తలుపు దాకా వెళ్లి ఆగాడు. అమ్మ ఒక మాట చెప్పమంది, డాక్టర్ చెప్పిందేదీ తను మర్చిపోదట, ఎందుకంటుందో నాకైతే అర్థం కాలేదు అన్నాడు.

నాకు అర్థమైందని చెప్పు అన్నాను. అంతకుమించి ఒక్క ముక్క చెప్పినా ఆవిడ పదకొండేళ్ల కష్టం వృథా.

29 జనవరి, శుక్రవారం

హాజీ నిన్న నా పిస్తోలు, ఏడు తూటాలూ తిరిగిచ్చాడు. ఇన్సాఫ్‌కి దగ్గు. నల్లజీలకర్ర నూనె సీసా కనబడడం లేదని ఇల్లంతా వెతుకుతోంది. షాపునుంచి కొత్తది తెస్తానన్నాను. పాతదాంట్లో ఎనిమిది తూటాలున్నాయి.