దుమ్ము అంటని ప్యాడ్లు

1956 ఫిబ్రవరి 5, ఆదివారం

హాకీలో విస్సన్నపేట మీద గెలిచాం. గెలిచి ఏం లాభం! బెజవాడ మిల్లు టీముకి ఆటగాళ్లను ఏరడానికి వచ్చిన సారు మా ఫార్వర్డ్ ఒక్కణ్ణే రాసుకున్నాడు. ఎంపికైతే మిల్లులో ఉద్యోగం.

నేను ఫుల్‌బ్యాకుని, గోలు ముందు కాపలా. నా స్టిక్కు వదిలిన ప్రతి బంతీ మావాడి స్టిక్కుకే చేరింది. అవతలివాళ్లకి బంతే దక్కలేదు. ఇక నేను అడ్డుపడి ఆపేదేముంది? సారేమో, నువ్వసలు ఆడావా అబ్బాయ్, నాకు కనబళ్లేదే అన్నాడు. ఒళ్లు మండిపోయింది.

మా గోల్‌కీపర్ అంతోనయ్యనైతే చూడనే లేదు. బంతి వాడిదాకా వస్తేగా! వాడి ప్యాడ్లకి దుమ్ము కూడా అంటలేదు.

వచ్చే ఆదివారం నూజివీడు మ్యాచికి సారు మళ్లీ వస్తాడట.

ఫిబ్రవరి 8

అంతోనయ్య మా కొట్టుకొచ్చాడు. నాన్న ఉన్నంతసేపూ పప్పుల ధరలు అడుగుతూ కూచున్నాడు. ఆయన భోజనానికి లేవగానే మొదలెట్టాడు. ఆదివారం నాలుగు బంతులు వదిలెయ్‌రా శేషయ్యా, నన్ను ఆపనీ అన్నాడు. నీకైతే కొట్టుంది, మా అమ్మకి నేను తప్ప ఎవరున్నార్రా అన్నాడు. వాళ్ల నాన్న పోయి ఏడాదైనా కాలేదు.

నాకూ ఆ ఉద్యోగం కావాలి. ఈ కొట్లో పప్పులు తూస్తూ చచ్చేట్టున్నాను. ఆ మాట వాడితో అనలేకపోయాను.

ఫిబ్రవరి 11

సరే అన్నాను.

ఫిబ్రవరి 12, ఆదివారం

వదిలాను.

నూజివీడు వాళ్లు మా గోలు మీద పడ్డారు. అంతోనయ్య అటు దూకి, ఇటు దూకి అన్నీ ఆపాడు. జనం ఒకటే ఈలలు. సారు వాడి భుజం తట్టి ఉద్యోగం ఖాయమన్నాడు. నన్ను చూపించి, ఇతని దగ్గర బంతి నిలవదు, ఈ కీపరే లేకపోతే మీ గతేంటయ్యా అన్నాడు.

అంతోనయ్య తల వంచుకుని ప్యాడ్ల దుమ్ము దులుపుకుంటున్నాడు. ఒక్క మాట చెప్పొచ్చుగా వాడు! చెప్పలేదు. చెబితే ఉద్యోగం పోతుందని నాకూ తెలుసు. అయినా ఏడుపొచ్చింది.

ఫిబ్రవరి 20

వాణ్ణి బెజవాడ బస్సు ఎక్కించాను. ప్యాడ్లు నా చేతిలో పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే వాణ్ణి తిట్టాను.

మార్చి 4, ఆదివారం

కీపరు లేడని నన్నే గోల్లో నిలబెట్టారు. నా ముందు బంతిని పట్టి ఉంచేవాడెవడూ లేడు. ఆటంతా నా మీదే. మోచేతులు చీరుకుపోయాయి. ఓడిపోయాం.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నాన్న కూడా వచ్చాడట. మావాడు ఇంత బాగా ఆడతాడని ఇన్నాళ్లూ తెలీలేదే అన్నాడట.