మేము అంటే ఎవరు?

జూన్ 3, సోమవారం

ఉదయం 6:40. కొత్త డైరీ. నిజానికి పాతదే. జనవరిలో నాలుగు పేజీలు రాసి వదిలేసిన యోగా డైరీ. ఆ నాలుగూ చింపేశాను. ఇప్పుడిది కొత్తదే!

కారణం: నిన్నటి పేపరు. ఐదో పేజీలో మా ఆస్పత్రి సూపరింటెండెంట్ గారి ఫొటో. పక్కన ఆయన మాటలు. "నేను ప్రవేశపెట్టిన రెండు రంగుల టోకెన్ల వల్ల ఓపీలో రోగులు ఎదురుచూసే సమయం మూడు గంటల నుంచి యాభై నిమిషాలకు తగ్గింది."

నేనట! ఆ రెండు రంగులూ ఏవని అడిగితే ఆయన చెప్పలేరు. (తెలుపు, గులాబీ.) మూడు వారాలు స్టాప్‌వాచ్ పట్టుకుని క్యూ పక్కన నిలబడింది ఎవరు? డాక్టర్లతో పోట్లాడి, రిపోర్టులు చూడ్డానికి నాలుగో నంబరు గది తెరిపించింది ఎవరు? పదకొండేళ్ళుగా ఓపీ కౌంటర్ ఇన్‌చార్జ్ ఎవరు? ఒళ్ళు మండిపోయింది.

మంచి సంగతి: ఆ పెద్ద కన్సల్టింగ్ కంపెనీ నుంచి పిలుపొచ్చింది! ఆస్పత్రుల విభాగంలో ఉద్యోగం. మొదటి రౌండు 12న, ఆఖరిది 20న. తప్పితే ఏడాది దాకా మళ్ళీ అప్లికేషన్ పెట్టకూడదట.

అన్నయ్య (బాబాయి కొడుకు, అలాంటి కంపెనీలోనే పని, ఎండాకాలంలో కూడా కోటు) ఫోన్లోనే ఉత్తుత్తి ఇంటర్వ్యూ చేశాడు. పది నిమిషాలు. తర్వాత అన్నాడు: "ముప్ఫై ఏడుసార్లు 'మేము' అన్నావు చెల్లాయ్. వాళ్ళు నిన్ను తీసుకోవాలా, మీ ఆస్పత్రి మొత్తాన్నా? నువ్వేం చేశావో చెప్పు."

తీర్మానం: ఇరవై ఒక్క రోజులు "మేము" అనను. "నేను" అంటాను. ఇంట్లో, ఆఫీసులో, బస్సులో. ఇరవై ఒక్క రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందట!

7:05. మా ఆయనకి చెప్పాను. "భేషుగ్గా ఉంది. మనం చేసేద్దాం," అన్నారు.

జూన్ 4, మంగళవారం

అత్తగారు రిటైరైన తెలుగు టీచరు. ముప్ఫై రెండేళ్ళు వ్యాకరణం చెప్పారు. జడ్జి పదవి అడక్కుండానే తీసుకున్నారు. ఫ్రిజ్ మీద తెల్ల కాగితం అంటించారు. తప్పుకొక గీత.

8:00. గీతలు: సున్నా.

8:10. "కాఫీలు తాగేశాం," అన్నాను.

"ఉత్తమ పురుష బహువచనం! గీత!"

"నేను 'మేము' అనలేదు కదా అత్తయ్యా!"

"నువ్వనలేదు, క్రియ అంది. 'తాగేశాం' చివర ఆ సున్నా ఏం చేస్తోంది? తలుపు చాటున నక్కినంత మాత్రాన దొంగ కాకుండా పోతాడా?"

జరిమానా ఏమిటని చర్చ. గీతకొక పూట గిన్నెలు కడగాలని మా ఆయన ప్రతిపాదన. గిన్నెలు ఇప్పుడు కడుగుతున్నదీ నేనే. అంటే జరిమానా పెళ్ళయినప్పటి నుంచీ అమల్లోనే ఉంది.

గీతలు: 19. మొదటి రోజు కదా!

జూన్ 5, బుధవారం

అన్నయ్య కొత్త ఆజ్ఞ: "మా" కూడా వద్దు. మా టీం, మా ఆస్పత్రి, అన్నీ బంద్.

9:30. లిఫ్టులో సూపరింటెండెంట్ గారితో: "నా ఆస్పత్రిలో ఈరోజు రద్దీ ఎక్కువగా ఉంది సార్."

"ఎప్పుడు కొన్నావమ్మా?"

సాయంత్రం 6:15. మెట్ల దగ్గర పక్కింటావిడ, మీ ఆయన వచ్చేశారా అని అడిగింది. "నా ఆయన ఇంకా రాలేదు," అన్నాను. ఆవిడ రెండు మెట్లెక్కి ఆగింది. "నేనూ మీ ఆయన గురించే అడిగానండీ. ఇంకెవరి గురించీ కాదు."

గీతలు: 6. పరువు పోయిన లెక్క ఇందులో కలపలేదు.

జూన్ 7, శుక్రవారం

పెద్ద విషయం కనిపెట్టాను!

పొద్దున అమ్మ ఫోన్ చేసి ఏం చేస్తున్నారే అంది. మామూలుగా అయితే "ఇప్పుడే పనులన్నీ చేసేసుకున్నాం" అనేదాన్ని. నియమం ప్రకారం చెప్పాల్సి వచ్చింది. కాఫీ నేను పెట్టాను. బట్టలు నేను ఉతికాను. కూర నేను తరిగాను. డబ్బాలు నేను సర్దాను. చెబుతూ చెబుతూ నాకే ఆశ్చర్యమేసింది. పేపరు వెనకాల మా ఆయన మరీ చిన్నవారైపోయారు.

ఇంకొకటి. "మనం ఆ ఫ్యాను తుడవాలోయ్" అంటే నేను తుడవాలని. "మనం రేపటికి రిపోర్టు పంపించేద్దామమ్మా" అని సూపరింటెండెంట్ గారంటే నేను ఆరింటిదాకా కూర్చోవాలని. "మనం"లో మాట్లాడేవాళ్ళూ వినేవాళ్ళూ ఇద్దరూ ఉంటారని వ్యాకరణం. అందులో నేనొక్కదాన్నే ఉంటానని అనుభవం.

అత్తగారికి చదివి వినిపించాను. "ఈ సూత్రం ముప్ఫై రెండేళ్ళలో నాకు తోచలేదు," అని కాగితం మీద ఒక గీత కొట్టేశారు. బహుమతి!

గీతలు: 2. నేను దూసుకుపోతున్నాను!

జూన్ 9, ఆదివారం

ఊహించి చెప్పే ప్రశ్నలు కూడా అడుగుతారట. ఊళ్ళో ఎన్ని లిఫ్టులుంటాయి, ఏడాదికి ఎన్ని గొడుగులు పోతాయి, ఇలాంటివి. జవాబు ముఖ్యం కాదట, ఆలోచన ముఖ్యమట. మా ఆయన ప్రాక్టీసు చేయించారు. "మన వీధిలో ఎన్ని కిటికీలున్నాయి?"

ఇళ్ళెన్ని, ఇంటికి గదులెన్ని అని నేను కాగితం మీద గుణిస్తున్నాను. అత్తగారు చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. ఇరవై నిమిషాల తర్వాత వచ్చి, "రెండొందల పదహారు. వెళ్ళి లెక్కపెట్టుకోకుండా ఈ ఊహించడమేమిటి? దీనికి జీతాలు కూడానా?" అన్నారు.

నా జవాబు నాలుగొందలు.

జూన్ 12, బుధవారం

ఉదయం 10:00. పంతొమ్మిదో అంతస్తు. కార్పెట్ ఎంత మెత్తగా ఉందంటే నా అడుగులు నాకే వినపడలేదు. లోపల ఇద్దరు: కళ్ళజోడాయన, ల్యాప్‌టాప్ అమ్మాయి.

నేను క్యూ చూశాను. నేను సమయం లెక్కపెట్టాను. నేను డాక్టర్లను ఒప్పించాను. నేను, నేను, నేను! ఒక్కసారి కూడా తడబడలేదు.

"రెండు రంగుల ఆలోచన ఎలా వచ్చింది?" అన్నారు కళ్ళజోడాయన.

"ఒకరోజు క్యూ చూస్తుంటే నాకే తట్టిందండీ."

సాయంత్రం 4:00. పాస్!! గీతలు: సున్నా! అత్తగారు జడ్జి హోదా పక్కన పెట్టి నన్ను కావలించుకున్నారు. మా ఆయన వాళ్ళన్నయ్యకి ఫోన్ చేసి "మేము పాసయ్యాం" అన్నారు. ఆయన పేర గీత వేయించాను.

జూన్ 13, గురువారం

ఉదయం 8:20. ఓపీ వరండాలో ఆయమ్మ తడిగుడ్డ కర్రతో నేల తుడుస్తోంది. నన్ను చూసి కర్ర గోడకి ఆనించింది.

"నెగ్గారంటగా అమ్మా! మన టోకెన్ల సంగతి చెప్పారా?"

"చెప్పాను."

"ఏమన్నారు?"

"బాగుందన్నారు."

మొహం వెలిగిపోయింది. పక్క వార్డు ఆయమ్మని కేకేసి పిలిచి మరీ చెప్పింది. "మన టోకెన్లు బాగున్నాయన్నారంట!"

మన.

ఇక్కడ రాయకపోతే ఇంకెక్కడా రాయను. కిందటి వానాకాలం ఈ వరండాలోనే ఆయమ్మ అంది: "రిపోర్టు చూపించి పోయేవాళ్ళనీ కొత్తగా వచ్చినవాళ్ళనీ ఒకే లైన్లో ఎందుకమ్మా నిలబెడతారు? వాళ్ళ పని రెండు నిమిషాలే కదా. వేరే రంగు చీటీ ఇచ్చేస్తే పోలా?" పాత గులాబీ రంగు ఫైలు అట్టలు తెచ్చి తనే కత్తిరించింది. మొదటి నలభై టోకెన్లు ఆవిడ చేతివే.

నాకే తట్టిందట! ఆరోజు నాకు తట్టింది ఆయమ్మ చేతిలో కర్ర, మోకాలికి.

గీతలు: సున్నా. సంతోషం మాత్రం లేదు.

జూన్ 14, శుక్రవారం

సమర్థింపులు:

ఇంటర్వ్యూల్లో అందరూ కాస్త కలిపే చెబుతారు.

లెక్కలన్నీ నావే. ఆ మూడు వారాల కాళ్ళనొప్పులు కూడా.

ఆయమ్మకేం ఆ కంపెనీలో ఉద్యోగం కావాలా?

అయినా సూపరింటెండెంట్ గారు మాత్రం ఆ పేపర్లో

ఇక్కడికొచ్చేసరికి పెన్ను ఆగిపోయింది. నాలుగోది కొట్టేశాను. మూడోది కూడా.

అన్నయ్యకి చెప్పాను. "పిచ్చిదానా! ఒక్క రౌండే మిగిలింది. ఇప్పుడు కొత్త మనిషిని కథలోకి తేకు," అన్నాడు.

తేను.

జూన్ 17, సోమవారం

గీతలు: 14. ఆదివారమంతా చుట్టాలొచ్చారు, చుట్టాలతో "నేను" అంటే బాగోదు. ఇవాళ తలనొప్పి, తలనొప్పిలో వ్యాకరణం గుర్తుండదు. పైగా జడ్జి ఈమధ్య మరీ కఠినంగా ఉంటున్నారు. నిద్రలో పలవరించినదానికి కూడా గీతేనా?

జూన్ 19, బుధవారం

సాయంత్రం 5:00. ఇంటికి బయల్దేరుతుంటే ఆయమ్మ వెనకాలే వచ్చి చేతిలో ఏదో పెట్టింది. గులాబీ టోకెన్. నంబరు 1. ఆవిడ కత్తిరించిన వాటిలో మొట్టమొదటిది.

"దాచుకున్నానమ్మా. రేపు బ్యాగులో పెట్టుకోండి. మంచి జరుగుద్ది."

బస్సులో కూర్చుని ఏడ్చాను. గీతలు లెక్కపెట్టలేదు.

జూన్ 20, గురువారం

10:30. అదే కార్పెట్. ఈసారి ఒక్కరే, తెల్లజుట్టు మేడం. ఆవిడ ఊ అంటే ఉద్యోగం.

10:40. నేను, నేను, నేను. బండి పట్టాల మీదే ఉంది.

10:52. "ఆ టోకెన్ ఒకటి ఉంటే చూడొచ్చా?"

బ్యాగులోంచి తీసిచ్చాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో మూల తడిమింది.

"మూలలన్నీ గుండ్రంగా కత్తిరించారే?"

"చంటిపిల్లలు లాక్కుని నోట్లో పెట్టుకుంటారు కదండీ, గుచ్చుకోకూడదని మేము..."

అయిపోయింది.

"మేము అంటే ఎవరు?"

"నేను" అంటే సరిపోయేది. రెండక్షరాలు. పద్దెనిమిది రోజులు సాధన చేసినవి. నోటిదాకా వచ్చాయి కూడా. కానీ ఆవిడ వేలు ఇంకా ఆ మూల మీదే ఉంది.

"మేము అంటే మా ఆయమ్మ, నేను. మా ఓపీలో నేల తుడుస్తుంది. ఆలోచన ఆవిడది. కత్తెర ఆవిడది. లెక్కలు నావి. డాక్టర్లతో పోట్లాట నాది. ఫొటో మా సూపరింటెండెంట్ గారిది."

మేడం పకపకా నవ్వింది. తర్వాత ముందున్న కాగితం చూసింది. నవ్వు ఆగింది.

"మొదటి రౌండులో మీకే తట్టిందన్నారు."

"అబద్ధం చెప్పానండీ."

కాగితం మీద ఏదో రాసుకుంది. టోకెన్ తిరిగిచ్చి, థాంక్యూ అంది.

అన్నయ్యకి ఫోన్లో చెప్పాను. "ఉండు, ఉక్కపోస్తోంది," అన్నాడు. కోటు తీసి ఉంటాడు.

జూన్ 27, గురువారం

మధ్యాహ్నం 3:10. ఉత్తరం వచ్చింది.

"మేము మీ దరఖాస్తును శ్రద్ధగా పరిశీలించాము. మీ నిజాయితీని మేము అభినందిస్తున్నాము. అయితే మొదటి రౌండులో చెప్పినదానికీ ఆఖరి రౌండులో చెప్పినదానికీ పొంతన లేనందున మేము ముందుకు వెళ్ళలేకపోతున్నాము. ఏడాది తర్వాత తిరిగి ప్రయత్నించవలసిందిగా మేము కోరుతున్నాము."

అత్తగారు ఎర్ర పెన్ను తెచ్చారు. "ఇంతచిన్న ఉత్తరంలో ఎనిమిది ఉత్తమ పురుష బహువచనాలు! అక్కడ ఒక్కడికీ 'నేను' అనే ధైర్యం లేదా?"

నవ్వాను. వెంటనే ఏడుపొచ్చింది. ఆ ఉద్యోగం నాకు నిజంగా కావాలి. పదకొండేళ్ళలో మొదటిసారి నాకోసం నేను అడిగింది అదొక్కటే. దాన్ని నా నోటితోనే చెడగొట్టుకున్నాను, 12న ఒక మాటతో, 20న ఇంకో మాటతో. మా ఆయన పక్కన కూర్చున్నారు. "మనం" అనలేదు. "నువ్వు సరిగ్గానే చెప్పావు," అన్నారు.

జూన్ 28, శుక్రవారం

8:15. ఆయమ్మకి చెప్పాను. ఉద్యోగం రాలేదని. ముందు అబద్ధం, తర్వాత నిజం చెప్పానని. రెండూ చెప్పాను.

కర్ర ఆగింది. "నా సంగతి చెప్పారా? అంత పెద్దాఫీసులోనా?"

"చెప్పాను. ఆలోచన నీదని."

వెనక్కి తిరిగి అదే బండని మూడుసార్లు తుడిచింది. తర్వాత అందుకుంది. "బుద్ధుందా అమ్మా మీకు? నేనేమన్నా వచ్చి అడిగానా? ఆ ఒక్కమాట మింగేస్తే ఉద్యోగం వచ్చేది కదా!" వరండా అంతా వినపడేలా తిట్టింది. అయిదు నిమిషాల తర్వాత పక్క వార్డులోంచి ఆవిడ గొంతే. "పంతొమ్మిదో అంతస్తులో చెప్పారంట నా గురించి!"

11:00. సూపరింటెండెంట్ గారి గది.

"ఏమ్మా, మనం మందుల కౌంటర్ క్యూ కూడా తగ్గించేద్దాం. వచ్చే నెల పేపరువాళ్ళు మళ్ళీ వస్తున్నారు."

"మనం అంటే ఎవరు సార్?"

నోరు జారింది. ఆయన కళ్ళజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. "మనం అంటే... మనమే."

"అయితే ఫైల్లో అందరి పేర్లూ రాస్తాను సార్. మొదట ఆయమ్మ. తర్వాత నేను. మందులిచ్చే ఆయన. మీరు కూడా ఉంటారా?"

"రాయమ్మా," అన్నారు. "నాది ఆఖర్న రాయి, పర్లేదు."

జూలై 1, సోమవారం

ఉదయం 6:40. కొత్త తీర్మానం! పాతదే, కాస్త సవరణతో. నేను చేసింది నేను చేశాననే అంటాను. చేయనిది అనను. ఎవరైనా "మనం" అంటే ఎవరని అడుగుతాను. ఏడాది టైముంది, ఇరవై ఒక్క రోజులెందుకు! అత్తగారు ఫ్రిజ్ మీద కొత్త కాగితం అంటించారు. గులాబీ టోకెన్ అయస్కాంతం కింద పెట్టారు.

7:10. మా ఆయన: "మనం ఆ గిన్నెలు కడిగేస్తే ఓ పనైపోతుంది."

"మనం అంటే ఎవరండీ?"

అత్తగారు పెన్ను పట్టుకుని చూస్తున్నారు. ఆయన లేచి చొక్కా చేతులు పైకి మడిచారు.

7:35. గిన్నెలు కడిగేశాం.

కాదు! ఆయన కడిగారు. నేను చూశాను.

గీతలు: 1.