ఒక్క మాటా మారని ఆట

మార్చి 2

ఇంటి లెక్కల పుస్తకంలో వెనక ఇరవై పేజీలు మిగిలాయి. వదిన షూటింగ్ సంగతులు ఇందులో రాస్తాను. ఎవరో ఒకరు వరుసగా రాసిపెట్టాలి. వదినకు చదవడం, రాయడం రావు.

గ్యోక్‌లాన్ వదిన మావారి అక్క. డెబ్బై ఒకటి నిండాయి. తొమ్మిదో ఏట ఇక్కడే తైనాన్‌లో, గుళ్ళ ముందు పాటలతో ఆడే నాటక బృందంలో చేరింది. యాభై ఏళ్ళు మగవేషాలే వేసింది. రాకుమారులు, సేనాపతులు. నా పెళ్ళినాడు మా అత్తగారు ఆమెను చూపించి, నీ మొగుడి కంటే నా కూతురే మగాడు అంది. వదిన టీవీ సీరియళ్ళలో కూడా కనిపించింది. అన్నీ ఒక్క వాక్యం ఉన్న ముసలమ్మలు. ఇప్పుడు మొదటిసారి సినిమాలో ప్రధాన పాత్ర.

మార్చి 4, సాయంత్రం 5

మొదటి రోజు. లొకేషన్ సముద్రం ఒడ్డున ఒక రేకుల ఇల్లు. కథలో, పడవ మీద వెళ్ళిన మొగుడు తిరిగి రాడు. వదిన గిన్నె ముందు పెట్టుకుని మూడు మాటలు అనాలి. నువ్వు రాలేదు. అన్నం చల్లారింది. నేను తినేశాను. ఆ చివరి మాట విని అల్లుడి వేషం వేసినతను తలుపు తీసుకుని లోపలికి రావాలి. అంతే.

మొదటి టేక్‌లో మొగుణ్ణి తిట్టింది. చచ్చినోడా, పాలబొంత చేప వేసి గంజి కాచింది ఎవడి కోసమనుకున్నావు అంది. రెండో టేక్‌లో పాడింది. మూడోదాంట్లో ఏమీ అనకుండా గిన్నె కడిగింది. లైట్లు పట్టుకున్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. తలుపు వెనక అల్లుడు మాత్రం, నాకు రావలసిన మాట రాలేదండీ అంటూ అక్కడే నిలబడ్డాడు. మొత్తం పదకొండు టేకులు.

డైరెక్టర్ చియెన్‌కు ముప్పై అయిదుంటాయేమో. వదిన చేతులు పట్టుకుని, గురువుగారూ, అన్నీ అద్భుతమే, కానీ ఒకదానికొకటి అతకదు అని వాపోయింది. నిన్న చెప్పిందే ఇవాళా చెబితే జనం కుర్చీలు మడుచుకుని పోతారమ్మాయ్ అంది వదిన.

తప్పు వదినది కాదు. వాళ్ళ నాటకాలకు స్క్రిప్ట్ ఉండదు. ముఖానికి రంగు వేసుకుంటూ ఉండగా ఒక పెద్దాయన వచ్చి, ఎవరు ఎవరిని పెళ్ళాడతారో ఎవరు చస్తారో చెప్పి పోతాడు. మిగతాదంతా వేదిక మీదే పుడుతుంది.

మార్చి 5

పధ్నాలుగు టేకులు. పధ్నాలుగు రకాలు.

మేనేజర్ నన్ను పక్కకు పిలిచాడు. తొమ్మిదో తేదీ దాకా చూస్తామని, కుదరకపోతే తైపే నుంచి వేరే ఆవిడ వస్తుందని చెప్పాడు. దాచడం నాకు చేతకాదు. కారులో వదినకు చెప్పేశాను. చేతిలోని జామకాయ గింజలతో సహా నమిలేసింది. తర్వాత, యాభై ఏళ్ళూ రంగు కిందే పోయాయే, చచ్చేలోగా ఒక్కసారి నా ముఖం నా ముఖంలా కనబడుతుందనుకున్నా అంది.

మార్చి 6

ఇంట్లో నలభైసార్లు చెప్పించాను. ఏ రెండూ కలవలేదు.

మార్చి 8, మధ్యాహ్నం 4

నేలతాత పుట్టినరోజు. నిన్నా ఇవాళా షూటింగ్ లేదు. ఊరి నేలను కాచే ఆ దేవుడి గుడి ముందు నిన్నటి నుంచి వదిన పాత బృందం ఆడుతోంది. అసలు నాటకానికి ముందు నటులు దేవతల వేషాలు కట్టి దీవెన ఆట ఆడాలి. అందులో వదిన ఇప్పటికీ వేషం కడుతుంది. ఎర్రటి ఎండ. ప్రేక్షకులం ఒక కుక్క, నేను.

ఊరికే కూర్చోలేక నిన్న ఆ దీవెన ఆటలో వదిన అన్న మాటలన్నీ ఈ పుస్తకంలో రాసుకున్నాను. ఇవాళ వేలు పెట్టి సరిచూశాను. ఒక్క మాట తేడా లేదు. అడుగులు ఏడు, వంగడాలు మూడు. అవీ అంతే.

దిగి వచ్చాక, ఇది మాత్రం ఎందుకు మారదని అడిగాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. అది జనానికి కాదే, దేవుడికి, దేవుడి ముందు సొంత తెలివి చూపిస్తారా అంది. చిన్నప్పుడు ఒక్క మాట మార్చినందుకు గురువు బెత్తంతో వీపు చిట్లగొట్టాడట. పక్కన హాస్యగాడు ఆ-తూ ముక్కు మీది తెల్లరంగు తుడుచుకుంటూ, మా అక్కకు దేవుడంటేనే భయం, మొగుడు ఉన్నా వాడంటే ఉండేది కాదు, అందుకే పెళ్ళి చేసుకోలేదు అన్నాడు. వదిన విసనకర్రతో వాడి నెత్తి మీద ఒక్కటేసింది.

నాకు దారి దొరికింది. ఆ సినిమా కూడా నేలతాత కోసమే అనుకోండి వదినా అన్నాను.

ఆమె నవ్వలేదు. ఎవరు మొక్కుకున్నారు అని అడిగింది.

ఎవరూ మొక్కుకోలేదు. నేనే లోపలికి వెళ్ళి అగరొత్తులు వెలిగించాను. పాత్ర నిలిస్తే సినిమాను నీ ముందు తెర కట్టి వేయిస్తాను తాతా అని మొక్కుకుని వచ్చాను. నేను మొక్కుకున్నానని చెప్పాను. సరే, ఆ మూడు మాటలు చదువు అంది.

మార్చి 9, సాయంత్రం 6

 

వదిన ముందుగా, కెమెరా ఎక్కడ పెడతారు అని అడిగింది. దాని ముందు అగరొత్తులు పట్టుకుని మూడుసార్లు వంగింది. ఎవరూ నవ్వలేదు.

అయిదు టేకులు. నువ్వు రాలేదు. అన్నం చల్లారింది. నేను తినేశాను. అయిదుసార్లూ అవే మాటలు. అదే చోట ఊపిరి. గిన్నె బల్ల మీది అదే గీత మీద ఆగింది. నేను గుర్తు పెట్టుకుని మరీ చూశాను. అవే మాటలు కదా, మూడోసారికైనా అలవాటు కావాలి కదా. కాలేదు. అయిదుసార్లూ ఒళ్ళు జలదరించింది. ఇరవై ఆరేళ్ళుగా మావారితో రోజూ అనే మాటే, అన్నం చల్లారిందని. దానిలో ఇంత ఉందని నాకు తెలియదు.

మొదటి టేక్‌లో చియెన్ కట్ చెప్పడం మరిచిపోయింది. తలుపు తీసుకుని వచ్చిన అల్లుడు తన మాట మరిచిపోయాడు. నీకు బెత్తం దెబ్బలు పడలేదు నాయనా, అదీ నీ లోటు అంది వదిన.

పాత్ర వదినదే. తైపే ఆవిడ రావడం లేదు.

ఇంటికి వచ్చేటప్పుడు వదిన ఒక్కటే అడిగింది. ఇంక అది ఎప్పటికీ అంతేనా, మారదా అని. మారదన్నాను. 

నవంబర్ 30

సినిమా విడుదలైంది. పేపర్లో వదిన ఫోటో, రంగు లేని ముఖం. మొక్కు తీరకుండా చూడకూడదని తను మాత్రం వెళ్ళలేదు.

ఫిబ్రవరి 24, రాత్రి 8

మళ్ళీ నేలతాత పుట్టినరోజు. గుడి ముందు తెర కట్టించాను. వాన. ఎవరూ రాలేదు. మధ్య కుర్చీలు తాతకని వదిలి, మేం పక్కన గొడుగు కింద కూర్చున్నాం. తెర మీద వదిన, నేను తినేశాను అంది. ఇక్కడి వదిన గొడుగు నా చేతిలో పెట్టి వానలోకి నడిచింది. తెర ముందు నిలబడి, వెనకటి రాకుమారుడి గొంతుతో, ఆ రాని మొగుడై జవాబు చెప్పింది.

ఆ మాటలు నేను రాసుకోలేదు.