తిప్పండి సార్

అక్టోబర్ 3, శుక్రవారం

బోటు మీద పుట్టీ ఆరింది. సాండ్‌పేపర్ నీళ్లలో ముంచి రుద్దడం నా వంతు. మోటారు, బ్యాటరీ, రిమోటు ప్రసాద్ సార్ వంతు. ఈ దేశంలో శుక్రవారం సెలవు కదా, వర్క్‌షాప్‌లో మేమిద్దరమే.

కంపెనీలో ఆయన డిజైన్ ఇంజనీరు, నేను స్ప్రే పెయింటర్‌ని. తలుపులు, కౌంటర్లు ఆయన గీస్తాడు, నేను రంగు కొడతాను. ఈ బోటు అలా కాదు. మొదటి రోజే చెప్పేశాను — పనివాడిగా అయితే చెయ్యను, సగం సగం అయితే చేస్తాను. ఇద్దరం సమానం. నడపడం కూడా వంతులవారీ.

"సరే పార్ట్‌నర్" అన్నాడు, నవ్వుతూ.

నవ్వడం ఎందుకో.

అక్టోబర్ 5, ఆదివారం

క్యాంప్ రూమ్‌లో నా పక్క మంచం మల్లన్న. మా మండలమే, వయసులో పెద్ద.

"ఇసుకల పడవ జేస్తున్నవారా? నడిపెటందుకు నీళ్లేడున్నయ్?"

చెప్పాను. కరెంటు మోటారుతో పోయే రేసు బోటు. రిమోటుతో ఒడ్డు నుంచి నడుపుతారు. ముందు రెండు కాళ్లు, వెనక ప్రొపెల్లర్ — వేగం అందుకుంటే ఆ మూడు చోట్లే నీటికి ఆనుతుంది. మిగతాదంతా గాలిలోనే.

"మన సూపర్‌వైజర్ లెక్క. పనికి ఆనీ ఆననట్టు."

అక్టోబర్ 10, శుక్రవారం

రంగు మీద గొడవ. నాది ఎరుపు, ఆయనది తెలుపు. ఎండకు నీళ్లే తెల్లగా మెరుస్తుంటే తెల్ల బోటు ఎక్కడ కనపడుతుంది?

"నిజం చెప్పు, నీ బుక్‌లెట్ల కోసమే కదా ఎరుపు."

కొంత అందుకే. తప్పేముంది? ఊళ్లో ఎర్రజెండా మీటింగుల్లో పంచినవి, దొరికినవి, అడిగి తెచ్చుకున్నవి — పెట్టె అడుగున ఇంకా ఉన్నాయి. నాకు చదువు చెప్పింది అవే.

తేలింది: పైన ఎరుపు, అడుగున పసుపు. తిరగబడితే దూరం నుంచి తెలియాలి గనక.

అక్టోబర్ 11, శనివారం

డ్యూటీ అయ్యాక రంగు మీద మెరుపు పూత, క్లియర్ కోటు. తెల్లబారిపోయింది. గాలిలో తేమ, కంప్రెసర్ పైపులోనూ నీళ్లు. స్ప్రే గన్ నేలకేసి కొట్టబోయాను... ఆగాను. మళ్లీ రుద్దాలి.

అక్టోబర్ 17, శుక్రవారం

పొద్దున్నే పైపులో నీళ్లు తీసేసి, ఏసీ గదిలో కొట్టాను. నిగనిగ. మాస్కింగ్ టేపు లాగితే గీత కత్తితో కోసినట్టు వచ్చింది.

సార్ బోటు చుట్టూ తిరిగాడు. ఫోటో తీసి వాళ్లావిడకి పంపాడు, కింద మాట కూడా రికార్డు చేసి — "మా పార్ట్‌నర్ పనితనం."

ఈసారి నవ్వలేదు.

అక్టోబర్ 24, శుక్రవారం

మొదటిసారి నీళ్లలో. అల్ షహానియా ఊరు దాటాక, ఎడారిలో ఒక ఫామ్‌లో చెరువు. శుక్రవారాలు అక్కడే రేసులు. దారి పొడుగునా ఒంటెలు.

కుడి కాలి పక్కన ఒక ఉక్కు రేకు ఉంటుంది. ఫిన్ అంటారు. మలుపులో నీటిని పట్టుకుని బోటు జారిపోకుండా చూస్తుంది. రేసు ఎప్పుడూ కుడికే తిరుగుతుందట.

"ఎడమకు తిరగదా సార్?"

"అది నీ పార్టీ కాదులే."

బోటు మాత్రం... రాసే మాట దొరకడం లేదు. నీటిమీద గీత గీసినట్టు పోయింది.

అక్టోబర్ 31, శుక్రవారం

మొదటి రేసు. వంతు సార్‌ది.

నడిపేవాడు తన బోటు మీంచి కన్ను తియ్యకూడదు. మలుపు గుర్తుకు నారింజ బంతులు తేలుతుంటాయి. అవి ఎంత దగ్గరికొచ్చాయో, పక్క బోట్లు ఎక్కడున్నాయో, వెనక నిలబడి ఇంకొకడు అరిచి చెప్పాలి. ఆ ఇంకొకణ్ణి నేను.

రెండో మలుపు. మలయాళీ అతని నీలం బోటు మీదికి వస్తోంది. నేను: "సార్, పక్కన నీలం బోటండీ, కొంచెం తిప్పం—"

'తిప్పండి' పూర్తి కాలేదు. నీలం బోటు లేపిన అల మీద మా ముక్కు లేచింది, కిందికి గాలి దూరింది, వెల్లకిలా పడింది. పసుపు అడుగు బ్రహ్మాండంగా కనపడింది.

సార్ రిమోటు దించి: "అది రేసయ్యా. అర్జీ కాదు."

నవంబర్ 1, శనివారం

కుడి కాలు పగిలింది. ఫైబర్ గుడ్డ, ఎపాక్సీ పెట్టి అతికాం. ఇంకోసారి అక్కడే తగిలితే నిలవదు. అప్పుడిక ఈ బోటు ఉండదు.

"ఇకమీదట ఒక్కటే మాట. తిప్పు. సార్ లేదు, అండీ లేదు."

"సరేనండి."

ఇద్దరం నవ్వాం. నాకు లోపల మండింది.

నవంబర్ 7, శుక్రవారం

నా వంతు. వెనక నుంచి సార్ — "తిప్పు! తిప్పరా! రేయ్, లోపలికి రానీకు!" ప్రతి మాటా సరిగ్గా సమయానికి. మూడో స్థానం.

రేసు అవగానే అడిగాను: "మీరు నన్ను రా అన్నారు."

"మా తమ్ముణ్ణి కూడా అంటాను."

"నేను తమ్ముణ్ణి కాదు. సగం సగం."

రిమోటు పెట్టెలో పెట్టి, మూత వేసి, అప్పుడు చూశాడు నావైపు. "అయితే నువ్వూ అను. ఎవడు వద్దన్నాడు?"

దారంతా ఆ మాట నోట్లోనే అని చూసుకున్నాను.

నవంబర్ 8, శనివారం

మా తాత దొరకు 'బాంచెన్' అనేవాడట. ఆ మాట జనం నోటినుంచి ఎలా పోయిందో ఒక బుక్‌లెట్‌లో చదివి, రాత్రంతా నిద్రపోలేదు ఒకప్పుడు. ఇప్పుడు నా నోటికి 'అండి'. ఎవరూ కొట్టి నేర్పలేదు. ఆఫీసు తెలుగు విని నేనే నేర్చుకున్నాను. మర్యాద అనుకున్నాను.

ఆయన్ని 'రా' అంటే సమానం అవుతామా? ఆయన నన్ను అనడం మానేస్తే అవుతామా? బుక్‌లెట్లలో ఇది లేదు.

నవంబర్ 12, బుధవారం

ప్రాక్టీసు. మల్లన్న రిమోటు పట్టుకున్నట్టు నిలబడ్డాడు, తనను ప్రసాద్ సార్ అనుకొమ్మన్నాడు. నేను వెనక.

"తిప్పు... అండి."

"థూ. మీటింగుల మైకు వల్గగొట్టెటోనివి నువ్వేనారా?"

"నువ్వైతే అంటవా?"

"నేనా? నేను తిప్పు సార్ అంట. మన దిక్కు గంతే గద. నీకే పంచాయితి. సగం సగం అంటివి, సగం నోరన్న దెరువు."

నవంబర్ 21, శుక్రవారం

సీజన్ చివరి రేసు. పోయిన శుక్రవారం రేసు జరగలేదు. వంతు సార్‌ది. వాళ్లావిడ వచ్చింది, ఆఫీసు తెలుగువాళ్లు ఇద్దరు కూడా వచ్చారు. కుర్చీలు, ఫ్లాస్కులో టీ.

ఆఖరి చుట్టు. మేము రెండో స్థానం. నీలం బోటు మళ్లీ, వెనక నుంచి అతికిన కాలి వైపు సందులోకి దూరబోతోంది. సార్‌కి కనపడదు. తగిలితే ముక్కలే. ఏమీ ఆలోచించలేదు. నిజంగా ఆలోచించలేదు.

"తిప్పు! తిప్పరా! తిప్పరా ప్రసాదూ!"

తిప్పాడు. ఫిన్ బంతిని గీరింది, కాలు నిలిచింది, రెండో స్థానంలోనే గీత దాటాం.

వెనక్కి తిరిగాను. మేడమ్ చేతిలో కప్పు అలాగే ఉంది. ఆఫీసాయన ఒకడు — "బానే ఉందండీ మీ పెయింటర్ గారి మర్యాద."

సార్ నవ్వలేదు. కోప్పడలేదు. బోటు ఒడ్డుకు తెచ్చి తుడిచాడు.

మేడమ్ వాళ్లతో వెళ్లింది. సార్ కారులో మేమిద్దరమే.

"ఫిన్ వంగింది" అన్నాను.

"ఊఁ."

క్యాంప్ గేటు దగ్గర సార్: "బోటు ఇక్కడే. రిపేరు."

క్రియ లేదు. నువ్వు లేదు, మీరు లేదు. తెలుగులో ఇంత సులువుగా తప్పించుకోవచ్చని తెలియదు.

నవంబర్ 22, శనివారం

ఆఫీసుకు సెలవు, మాకు లేదు. తలుపులకు ప్రైమర్ కొడుతుంటే ఫోను. సార్ మెసేజ్, ఎప్పటిలాగే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. రెండే మాటలు. చుక్క లేదు, ప్రశ్న గుర్తు లేదు.

'సాయంత్రం వస్తారా'

మీరు వస్తారా అనా? నేను వస్తా రా అనా?

మొదటిదైతే 'మీరు' పెట్టాడు. నన్ను. దూరంగా నిలబెట్టాడు. బోటు తీసుకుని వర్క్‌షాప్‌కి నేను వెళ్లాలి. రెండోదైతే ఆయనే ఇక్కడికి వస్తాడు. ఇంతవరకు ఈ రూమ్‌లో అడుగు పెట్టలేదు.

రూమ్‌కొచ్చాక మల్లన్నకు చూపించాను.

"వస్తా రా అన్నడు. మంచం మీది బట్టలు దీయ్."

"కాదన్నా, మీరు అన్నడు. కోపమొచ్చింది."

"నిన్నమొన్న రా అంటే కొట్లాడితివి, ఇయ్యాల మీరంటే ఏడుస్తున్నవు. నీకేం గావాల్రా?"

తెలియదు. అడగాలంటే మళ్లీ 'మీరా, నువ్వా' అని రాయాలి.

'సరే' అని పంపాను. దేనికి సరే అన్నానో.

బోటును గుడ్డలో చుట్టాను. బూట్లు వేసుకుని మంచం అంచున కూర్చున్నాను. మల్లన్న చాయకు మూడో గ్లాసు కడుగుతున్నాడు.