గాలయ్య వేలిముద్ర

3 నవంబర్ 2022

అక్షిత నన్ను మహబూబ్‌నగర్‌లో మెదడు డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. గడియారం బొమ్మ గీయమన్నాడాయన. పదకొండూ పది చూపించాలట. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు గడియారం చూడటం నేర్పినదాన్ని. గుండ్రం బాగానే వచ్చింది. తొమ్మిది దాకా అంకెలు వేసేసరికే జాగా అయిపోయింది. మిగిలిన మూడూ గుండ్రం బయట రాశాను. డాక్టరు ఆ కాగితం ఫైల్లో పెట్టుకున్నాడు. నేనైతే గోడకుర్చీ వేయించేదాన్ని.

తర్వాత ఐదు మాటలు చెప్పి, కాసేపాగి అవేమిటని అడిగాడు. మూడు చెప్పాను. అందులో ఒకటి ఆయన చెప్పింది కాదట.

మందు రాశాడు. తగ్గించేది కాదట, జబ్బు నడకను నిదానం చేసేదట. మెదడుకు రోజూ పని చెప్పాలన్నాడు. డైరీ రాయడం అందులో ఒకటి. అందుకే ఈ నోట్‌బుక్.

4 నవంబర్

అక్షిత నా బిడ్డ కూతురు. ఇక్కడ జడ్చర్లలోనే మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తుంది, నా ఇంట్లో ఉంటుంది. నేను ఆమెను చూసుకుంటున్నానని మొన్నటిదాకా అనుకునేదాన్ని.

ఫ్రిజ్ మీద జాబితా అతికించింది. ఎడమ చేత్తో పళ్లు తోమాలి. ఎక్కాలు కిందినుంచి పైకి చెప్పాలి. చిట్టీ లేకుండా కూరగాయలు తేవాలి. రోజూ కొత్త దారిలో నడవాలి. డైరీ రాసి, మర్నాడు పొద్దున చూడకుండా అప్పజెప్పాలి.

ఇవన్నీ ఐదో తరగతి పిల్లల పనులు కదా అన్నాను. అయితే పాసయ్యి చూపియ్యి అవ్వా అన్నది. నోరు మాత్రం నాదే వచ్చింది దానికి.

5 నవంబర్, పొద్దున

నిన్నటి పేజీ అప్పజెప్పాను. పదికి ఏడు. మార్కులు ఎర్ర పెన్నుతోనే వేసుకుంటున్నాను. ఊరికే మార్కులు వేసే అలవాటు నాకెప్పుడూ లేదు.

9 నవంబర్

లాడ్లీ బేగం వచ్చింది. కోస్గి అవతలి ఊరినుంచి రెండు బస్సులు మారి వచ్చింది. నేను అదే ఊళ్లో పదకొండేళ్లు పంతులమ్మను. ఆమె ఎందుకొస్తోందో ఇక్కడ రాసిపెడతాను. రేపు నాకే అవసరం పడొచ్చు.

1988 ఫిబ్రవరిలో గాలయ్య తన మూడెకరాల చెలకను లాడ్లీ భర్త ఖాసిం సాబ్‌కు అమ్మాడు. రిజిస్ట్రేషన్ లేదు. తెల్లకాగితం మీద సాదా బైనామా. అప్పట్లో ఊరంతా అట్లాగే రాసుకునేది. రాసింది నేను, బడి వరండాలో కూర్చుని. గాలయ్య వేలిముద్ర వేశాడు, ఖాసిం సాబ్ సంతకం పెట్టాడు. సాక్షులు ఇద్దరు. ఇప్పుడు గాలయ్య లేడు, ఖాసిం సాబ్ లేడు, సాక్షులు లేరు. కాగితంలో హద్దులు రాసిన సగం చెదలు తిన్నది.

రోడ్డు పడుతోందని ఆ చెలక ధర లేచింది. గాలయ్య కొడుకు పరశురాం కోర్టుకెక్కాడు. మా నాయిన అమ్మనే లేదు, అది దొంగ కాగితం అంటున్నాడు. లాడ్లీ అందులో ముప్పై నాలుగేళ్లుగా కంది వేస్తోంది.

టీచరమ్మా, నువ్వొక్కదానివే మిగిలినవ్, మతికి జర మంచిగ తిండి పెట్టుకో అన్నది. బాదం గింజలు తెచ్చింది, సంచి నిండా. ఆమె గాజులు లక్కవి, చివర్లు అరిగినవి. ఆమె బాదం ఎన్నడైనా తిన్నదో లేదో.

డాక్టరు సంగతి చెప్పలేదు.

17 నవంబర్

పదికి ఐదు. ఎడమ చేత్తో తోముకుంటే పేస్టు ముక్కుకు అంటింది. మెదడు పెరిగిందేమో గాని ముక్కు మాత్రం తెల్లబడింది.

28 నవంబర్

చిట్టీ లేకుండా మార్కెట్‌కు పోయాను. ఉల్లిగడ్డ, చింతపండు, మెంతికూర, కోడిగుడ్లు. అన్నీ తెచ్చాను. పదికి పది వేసుకుందామని పెన్ను తీశాను. అక్షిత ఫ్రిజ్ తెరిచి చూపించింది. నిన్నా అవే తెచ్చానట. మొన్నా.

మెంతికూర మూడు పూటలు తిన్నాము. షుగర్‌కు మంచిదేలే అవ్వా అన్నది. మా ఇద్దరిలో ఎవరికీ షుగర్ లేదు.

12 డిసెంబర్

వకీలు బెంజమిన్ ఫోన్ చేశాడు. లాడ్లీ తరఫున వాదించేది ఆయనే. నా అఫిడవిట్ కోర్టులో వేశాడు. ఫిబ్రవరి తొమ్మిదిన కోర్టులో నాకు క్రాస్ ప్రశ్నలు ఉంటాయట. ఎదుటి వకీలు గట్టివాడట. ఆరోగ్యం మంచిగనే ఉన్నది గద మేడం అని అడిగాడు. మోకాళ్లు కూడా నొప్పి లేవు అన్నాను.

అబద్ధం కాదు. మోకాళ్లు నిజంగానే నొప్పి లేవు.

అక్షిత పక్కనే ఉండి విన్నది. చెప్పాల్సింది చెప్పలే నువ్వు అన్నది. చెప్తే నా సాక్ష్యం చెల్లుతుందా అని అడిగాను. రాత్రి అన్నం తినలేదు పిల్ల.

21 డిసెంబర్, మధ్యాహ్నం 3

కొత్త దారిలో నడిచాను. జాబితాలో ఉన్నది కదా. రైలు పట్టాలు దాటాను, ఒక మసీదు, ఒక చికెన్ దుకాణం, మళ్లీ మసీదు. అది మొదటిదేనా, వేరేదా తెలియలేదు. ఇల్లు ఏ దిక్కుకో తెలియలేదు. ఎవరినైనా అడగవచ్చు. ఏమని అడగాలి? నా ఇల్లెక్కడ అనా?

ఒక గాజుల దుకాణం మెట్టు మీద కూర్చున్నాను. చాలాసేపు. ఒక ఆటో ఆగింది. యాభై ఏళ్ల మనిషి, దిగి దండం పెట్టాడు. నేను కాటమయ్యను టీచరమ్మా, నీ దగ్గర ఏడో తరగతి అన్నాడు. నాకు ఆ ముఖం తెలియదు. తెలిసినట్టు తలూపాను.

ఇంటి ముందు దింపి పైసలు తీసుకోలేదు. శాతవాహనుల పాఠం బట్టీ పట్టినందుకు నన్ను కొట్టినవ్ యాదున్నదా అని నవ్వాడు. నడుమల ఆపి ప్రశ్న అడిగితివి, నేను మల్ల మొదటికెళ్లి అందుకుంటి, చింత బరిగె ఇరిగేదాక కొట్టినవ్ అన్నాడు. అంత సంతోషంగా చెబుతాడేమిటి.

బట్టీ పట్టే పిల్లలంటే నాకు మంట. పాఠం అర్థమైతే ఎటునుంచి అడిగినా చెప్పాలి.

22 డిసెంబర్

నిన్నటిది అప్పజెప్పలేదు. నిన్న ఏమి జరిగిందో చదివి తెలుసుకున్నాను.

2 జనవరి 2023

భయం వేసి ఒక పని చేశాను. 1988 నాటిది, ఆ సాయంత్రం మొత్తం, చూడకుండా రాశాను. ఐదు రోజులు వరుసగా, ఒక్కోరోజు ఒక్కో కాగితం. ఇవాళ ఐదూ పక్కపక్కన పెట్టాను.

మూడింటిలో ఉత్తరాన వాగు. ఒకదానిలో బండ్ల బాట. ఒకదానిలో ఉత్తరమే లేదు.

పాతవన్నీ పదిలంగా ఉంటాయి, కొత్తవే పోతాయి అని డాక్టరు అన్నాడు. మా ఇంట్లో చెదలు ఆ వరుస పాటించడం లేదు.

3 జనవరి

అఫిడవిట్ కాపీ తీసి బట్టీ పడుతున్నాను. రోజుకు నలభై సార్లు. తూర్పున గాలయ్య తమ్ముడి చెలక, దక్షిణాన దుర్గయ్య చెలక, పడమర బండ్ల బాట, ఉత్తరాన వాగు. అక్షిత ల్యాబ్‌నుంచి వచ్చి తలుపు దగ్గరే నిలబడి విన్నది. బడి పిల్ల లెక్క ఊగుతున్నవ్ అవ్వా అన్నది. నవ్వలేదు.

కాటమయ్యకు తెలిస్తే బరిగె తెస్తాడు.

26 జనవరి

తూర్పు దక్షిణం పడమర ఉత్తరం. తప్పు లేదు. పదికి పది.

8 ఫిబ్రవరి

లాడ్లీ ఈ రాత్రికి మా ఇంట్లోనే ఉంటానని వచ్చింది. కొత్త కందిపప్పు తెచ్చింది, ఆ చెలకలోది. రేపు ఆ కోర్టుల పంఖా కింద కూసో టీచరమ్మా, ఉడుకపోస్తే మతి తిరుగతది అన్నది. తనకు వేరే ఏమీ లేదట, కొడుకులు లేరు, ఉన్న బిడ్డ కౌసర్ అత్తింట్లో ఉన్నది. గా భూమి ఉన్నన్ని దినాలు నేను ఒకల ఇంటి ముందట నిలవడను అన్నది.

నేను ఏమన్నానో రాయను.

9 ఫిబ్రవరి, సాయంత్రం 5

మరచిపోకముందే రాస్తున్నాను.

ఎదుటి వకీలు చిన్నవాడు, మర్యాదగా మాట్లాడాడు. మీరు గవర్నమెంటు టీచర్ కదమ్మా అన్నాడు. అవునన్నాను. ఇవాళ తారీఖు అడిగాడు. చెప్పాను. పొద్దున ఏం తిన్నారన్నాడు. ఉప్మా అన్నాను, లాడ్లీ పక్కనే తిన్నది కాబట్టి. బెంజమిన్ ముఖం వికసించింది.

హద్దులు చెప్పమన్నాడు. మొదలుపెట్టాను. తూర్పున గాలయ్య తమ్ముడి చెలక, దక్షిణాన దుర్గయ్య చెలక. ఆగండమ్మా, ఉత్తరం చెప్పండి చాలు అన్నాడు. నేను నోరు తెరిచాను. తూర్పున గాలయ్య తమ్ముడి చెలక, అన్నాను. తూర్పు కాదమ్మా, ఉత్తరం అన్నాడు. తూర్పున గాలయ్య తమ్ముడి చెలక, దక్షిణాన. మూడోసారి కూడా అంతే. ఉత్తరం ఎక్కడో చివర ఉన్నది, దాని దగ్గరికి పోవాలంటే నాకు వేరే దారి లేదు. నా గొంతు నాకు వినిపిస్తోంది, ఏడో తరగతి పిల్లవాడి గొంతులాగా. వకీలు జడ్జి వైపు తిరిగి, సాక్షికి పాఠం చెప్పి తెచ్చారండీ అన్నాడు. నవ్వకుండా అన్నాడు.

నాకు ఎవరూ చెప్పలేదు, నేనే నేర్చుకున్నాను అన్నాను. అది ఇంకా చెడ్డదని బెంజమిన్ తల దించుకున్నప్పుడు తెలిసింది.

ఆ తర్వాత ఒక కాగితం తీశాడు. 1991లో గాలయ్య సొసైటీలో ఎరువులకు పెట్టిన దరఖాస్తు. కింద సంతకం ఉన్నది. గాలయ్య అని, పెద్ద పెద్ద అక్షరాలు. చూడండమ్మా, గాలయ్యకు సంతకం వచ్చు, సంతకం వచ్చిన మనిషి భూమి అమ్ముతూ వేలిముద్ర ఎందుకు వేస్తాడు, ఆ వేలు వేరే ఎవరిదో కదా అన్నాడు. ఈ కాగితం సంగతి మాకెవరికీ తెలియదు.

దానికి జవాబు ఉన్నది. నాకు తెలుసు. నేను చూసిన జవాబు, నేను ముట్టుకున్న జవాబు. కోర్టు గోడ మీద గడియారాన్ని చూస్తూ నిలబడ్డాను. అంకెలన్నీ గుండ్రం లోపలే ఉన్నాయి.

గుర్తు లేదు అన్నాను. సాక్షి గుర్తు లేదని చెప్పింది అని రాయించుకున్నారు. జడ్జి నాకు నీళ్లు ఇప్పించాడు. లాడ్లీ వెనక బల్ల మీద కూర్చుని ఉన్నది, నేను చెప్పింది బాగున్నదేమో అన్నట్టు నావైపే చూస్తూ.

10 ఫిబ్రవరి

నిన్నటి పేజీ చూడకుండా అప్పజెప్పాను. ఒక్క మాట పోలేదు. పదికి పది.

14 జూన్

తీర్పు వచ్చింది. పరశురాం పక్షాన. కాగితం నమ్మదగ్గది కాదట.

బెంజమిన్ అప్పీలు వేస్తానన్నాడు. ఆ సంతకం ముచ్చట ఏమన్న యాదికొస్తే వెంటనే రాసిపెట్టండి మేడం, మనకు అదొక్కటే దారి అన్నాడు.

19 జూన్

లాడ్లీ వచ్చింది. తిడుతుందని తయారుగా కూర్చున్నాను. చాయ్ తాగింది. కప్పు కడిగి బోర్లించింది. పోయేటప్పుడు గడపలో ఆగి, ఏదన్న ఒకటి చెప్పకపోతివి టీచరమ్మా, గాలయ్య చెయ్యికి దెబ్బ తాకిందని అన్న చెప్పకపోతివి, నువ్వు చెప్తే ఎవడు కాదంటుండె అన్నది. గట్టిగా కూడా అనలేదు.

నిజమే. నా బతుకులో అబద్ధం పనికొచ్చేది ఆ ఒక్క పూట. అప్పుడు నిజం చెప్పి కూర్చున్నాను.

2 ఆగస్టు

లాడ్లీ కౌసర్ ఇంటికి పోయిందట. అల్లుడి ఇల్లు. వరండాలో మంచం వేశారట.

పదికి రెండు.

సెప్టెంబర్

అక్షిత డ్యూటీకి పోతూ బయట తాళం వేస్తోంది. మొన్న నేను రైలు పట్టాల దగ్గర దొరికానట. కాటమయ్య తెచ్చి దింపాడట. ఎవరో కాటమయ్య. గ్యాస్ కూడా తీసేసింది. జాబితా ఇంకా ఫ్రిజ్ మీదే ఉన్నది. కొత్త దారి అన్నచోట ఎర్ర పెన్నుతో కొట్టేసి ఉన్నది. కొట్టేసింది నేనేనా?

అక్టోబర్ అట

ఎక్కాలు కిందినుంచి పైకి వస్తున్నాయి. పైనుంచి కిందికి రావడం లేదు.

23 ఫిబ్రవరి 1988, మంగళవారం

బడి తెరవకముందే గాలయ్య వచ్చి వరండాలో కూర్చున్నాడు. నిన్న బైనామా మీద ఖాసిం సాబ్ సంతకం పెడితే, తాను వేలు పెట్టాల్సి వచ్చిందట. రాత్రంతా నిద్ర పట్టలేదట. ముసలోన్నయినంక ఏమన్న అనుకోకు టీచరమ్మా, నాకు నా పేరు రాసుడు నేర్పు అన్నాడు. బొటనవేలికి ఇంకా సిరా ఉన్నది. పలక ఇచ్చి, చెయ్యి పట్టుకుని దిద్దించాను. పిడికిలి బండరాయిలాగా ఉన్నది. గా ఒక్కటి వచ్చేసరికి గంట కొట్టారు.

రేపు ల. సుద్దముక్క ఈ నోట్‌బుక్ పక్కన పెట్టాలి, మరచిపోకుండా.