రౌటర్ అడుగున అంటించిన పాస్‌వర్డ్

చిన్నోడా,

రౌటర్‌లో అప్‌డేట్ ఎక్కుతోంది, పచ్చ లైటు వెలిగేదాకా స్విచ్ ఆపకు. కూర వేడి చేసుకుని తిను.

నా కళ్ళు పాడైపోతాయని, రాత్రి పది కాగానే నా ఫోన్ ఆటకి నెట్ ఆగిపోయేలా పెట్టావుగా, అది తీసేశాను. సెట్టింగుల పాస్‌వర్డ్ కంపెనీవాళ్ళు ఇచ్చిందే ఉంచేశావు. అది రౌటర్ అడుగునే అంటించి ఉంది. రోజూ దాని దుమ్ము తుడిచేది నేనే కదరా. దొంగలకి తలుపులు బార్లా తెరిచిపెట్టి, కన్నతల్లికి తాళం వేస్తావా? పాస్‌వర్డ్ మార్చేశాను. ఆటలకి ముందు నెట్ ఇచ్చే గేమింగ్ మోడ్‌లో ఇకమీదట నా ఫోనే ముందు. నీ ఆఫీసు మీటింగులప్పుడు మాత్రం నీ లాప్‌టాప్‌కే దారిచ్చాను.

షాపు మూసి వస్తాను.
అమ్మ

నీ పుట్టినరోజు కొట్టి చూడకు, అంత తేలికది పెట్టలేదు. నన్ను ఒక్క ఆటలో ఓడించు, చెప్తాను.